నైట్ షిఫ్ట్ ఉద్యోగం, షుగర్ పరీక్షలు: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

నాకు టైప్ 2 షుగర్. గచ్చిబౌలిలో ఒక సపోర్ట్ ఆఫీసులో సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము మూడు దాకా డ్యూటీ. షుగర్ బయటపడినప్పటి నుంచి ఇంటికొచ్చి రక్తం తీసే సర్వీసు, గ్లూకోమీటరు, చేతికి అంటించుకునే సెన్సర్, ఆఫీసు ఇన్సూరెన్స్‌తో వచ్చిన డయాబెటిస్ యాప్, బస్తీ దవాఖానా (సర్కారు నడిపే చిన్న క్లినిక్) అన్నీ వాడాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. చాలావాటిలో కనిపించిన లోపం ఒకటే. రాత్రి పడుకుని పొద్దున్నే లేచే మనిషిని దృష్టిలో పెట్టుకునే వీటిని తయారు చేశారు.

ముందు ఇంటికొచ్చి శాంపిల్ తీసే సర్వీసు గురించి. స్లాట్లన్నీ ఉదయం ఆరు నుంచి పది మధ్యే. బుక్ చేయగానే పది పన్నెండు గంటలు ఏమీ తినొద్దని మెసేజ్ వస్తుంది. అప్పట్లో నేను ఆఫీసులో భోజనం చేసేది రాత్రి పదిన్నరకు. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోతే పొద్దున ఆరున్నరకు ఎనిమిది గంటల ఉపవాసం పూర్తవుతుంది, ఫాస్టింగ్ షుగర్‌కు అది చాలు. కానీ రాత్రి రెండింటి టీ మానేసి, క్యాబ్‌లో తూగుతూ ఇల్లు చేరి, శాంపిల్ తీసే అబ్బాయి కోసం మేలుకుని కూర్చోవడం అంత తేలిక కాదు. పైగా రాత్రంతా పని చేసి ఇచ్చిన రక్తాన్ని, ఏడు గంటలు నిద్రపోయి లేచి ఇచ్చిన రక్తాన్ని ఒకే గాటన కట్టలేం. నిద్ర లేకపోవడం వల్ల కూడా షుగర్ మారుతుంది. ఇప్పుడు నేను పడుకుని లేచాక, మధ్యాహ్నం పన్నెండున్నరకు వీధి చివర ల్యాబ్‌కు వెళ్లి ఇస్తున్నాను. రిపోర్టు మీద ‘నైట్ షిఫ్ట్, నిద్ర తర్వాత’ అని రాయించి డాక్టర్‌కు చూపిస్తాను.

హెచ్‌బీఏ1సీకి, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షకు, అసలు పరగడుపున ఉండక్కర్లేదు. ఏ వేళైనా ఇవ్వొచ్చు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, దానికి అంటుకున్న చక్కెరనే ఈ పరీక్ష కొలుస్తుంది. ప్యాకేజీలో కొలెస్ట్రాల్ కూడా కలిపి అమ్ముతారు కాబట్టి అందరినీ పస్తుంచుతారు. కాల్ సెంటర్‌లో అడిగితే నిజమే చెప్తారు, అడగకపోతే చెప్పరు. రక్తహీనత ఉన్నవాళ్లకు ఈ లెక్క తప్పొచ్చన్న మాట కూడా అంతే. ఐరన్ తక్కువగా ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మా ఇంట్లో ఆడవాళ్లకు ఈ పరీక్ష చేయించినప్పుడు హిమోగ్లోబిన్ కూడా పక్కనే చూపించమని అడుగుతాను.

తిన్న తర్వాత ఇచ్చే శాంపిల్ విషయంలో మాత్రం ఇంటి సర్వీసును నమ్మడం మానేశాను. రెండు గంటలను మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చినా రిపోర్టులో ‘పోస్ట్ లంచ్’ అనే వేస్తారు. గొట్టం సంగతి కూడా చూడండి. షుగర్‌కు బూడిద రంగు మూత గొట్టం, హెచ్‌బీఏ1సీకి ఊదా రంగు మూత గొట్టం వాడతారు. బూడిద రంగు దాంట్లో ఉండే ఫ్లోరైడ్, రక్తకణాలు చక్కెరను తినేయకుండా ఆపుతుంది. మామూలు గొట్టంలో తీసి, బైకు మీద ఎండలో ఊరంతా తిప్పితే ల్యాబ్ చేరేసరికి అంకె తగ్గిపోతుంది. అంకె తక్కువొచ్చిందని మనం ఆ రాత్రి బిర్యానీ తింటాం.

అందుకే రోజువారీకి గ్లూకోమీటరే నా ఎంపిక. ఒక్కో స్ట్రిప్ పదిహేను, ఇరవై రూపాయలు పడుతుంది. ‘ల్యాబ్‌లో 118 వచ్చింది, మీటరులో 130 వచ్చింది, ఇది పనికిరాదు’ అని మా ఆఫీసులో ఒకాయన మీటరు పారేశారు. పాపం ఆ మీటరు తప్పేం లేదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 దాటిన షుగర్‌కు 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. కానీ అరటిపండు ఒలిచిన చేత్తో గుచ్చుకుంటే ఏ మీటరైనా తప్పే చెప్తుంది. సబ్బుతో కడిగి తుడుచుకోవాలి, స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే బిగించాలి. ఏప్రిల్, మేలో డబ్బాను పార్కింగ్‌లో కారులో వదిలేయొద్దు.

ఇక సెన్సర్. జబ్బకు అంటిస్తే 14 రోజులు షుగర్ హెచ్చుతగ్గులను గీతగా చూపిస్తుంది, ధర నాలుగైదు వేల మాట. అది కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద ద్రవాన్ని. అందుకే షుగర్ వేగంగా ఎక్కుతున్నా దిగుతున్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. మొదటి రోజు అంకెలను నేను పట్టించుకోను. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే ఆ ఒత్తిడికి షుగర్ పడిపోయినట్టు చూపిస్తుంది. పగటి గాఢనిద్రలో అలారం మోగి, గుండె దడతో లేచి వేలు గుచ్చి చూస్తే అంతా మామూలే. అయినా సెన్సర్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను. ఇది లేకపోతే నాకు ఎప్పటికీ తెలియని సంగతి ఒకటుంది. ఒకే డబ్బాలోని అన్నం, పప్పు, బీరకాయ కూర మధ్యాహ్నం ఒంటిగంటకు తింటే ఒక రకంగా, రాత్రి ఒంటిగంటకు తింటే ఇంకో రకంగా ఎక్కుతోంది. రాత్రిపూట గీత కొండలా లేచి, దిగడానికి తెల్లారేది. రాత్రివేళ శరీరం చక్కెరను సరిగా సర్దుకోలేదని డాక్టర్ చెప్పారు. అప్పటినుంచి అసలు భోజనం డ్యూటీకి ముందే కానిచ్చి, రాత్రికి రెండు ఉడికించిన గుడ్లు, కాసిని గుగ్గిళ్లు తీసుకెళ్తున్నా. సెన్సర్‌ను నెల నెలా కొనే స్తోమత మనకు లేదు, అవసరమూ లేదు. మందు మారినప్పుడు, షిఫ్ట్ మారినప్పుడు ఒకటి పెట్టించుకుంటే చాలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల లెక్క వేరు.

యాప్ సంగతి. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క చెప్పింది. ఇంత పెద్ద మార్కెట్టు కనిపిస్తే యాప్‌లకు కొదవా? నాకిచ్చిన మొదటి కోచ్ పగలు పదకొండు గంటలకు, నా నడిరాత్రి వేళ, ఫోన్ చేసేవారు. ఓట్స్, క్వినోవా, ఉదయపు నడక. నా షిఫ్ట్ గురించి ఒక్క ప్రశ్న లేదు. ప్లేటు ఫొటో పెడితే ‘గ్రేట్ జాబ్’ అని ఒక బొమ్మ. గట్టిగా అడిగితే వేరే డైటీషియన్‌ను ఇచ్చారు, కాకినాడ ఆవిడ. ‘అన్నం మానొద్దండీ, మానితే వారానికే మళ్లీ మొదలుపెడతారు. ముందు కూర తినండి, అన్నం ఆఖర్న, అదీ కప్పుతో కొలిచి’ అన్నారు. ముందు రోజు ఏ టైముకు పడుకున్నానో అడిగాకే అంకెలు చూసేవారు. మూడు నెలల సగటు 8.4 నుంచి 7.1కి దిగింది ఆవిడ చేతిలోనే.

యాప్ మాత్రం, షుగర్ పడిపోతే ఏం చేయాలో ఒక్కసారీ నేర్పలేదు. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ల వేసుకుని భోజనం ఆలస్యమైతే క్యాబ్‌లోనే చెమటలు పడతాయి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఇది నాకు చెప్పింది మందుల షాపాయన.

ఆఫీసు వాళ్ల వార్షిక క్యాంపు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. కాన్ఫరెన్స్ హాల్లో క్యూ, అందరి ముందూ అంకె పైకి చదవడం. ఆ సాయంత్రానికే టీమ్ లీడ్ ‘నైట్స్ చేయగలవా?’ అని అడిగారు. రిపోర్టు ఎవరెవరికి వెళ్తుందో రాతపూర్వకంగా అడగండి.

‘80కి పైగా పరీక్షలు’ అనే ప్యాకేజీలు చూసి మోసపోవద్దు. ఒక్క రక్తకణాల పరీక్షనే ఇరవై ముక్కలుగా లెక్కేస్తారు. ఇంత చేసి, షుగర్ ఉన్నవాళ్లకు ఏటా కావాల్సిన మూత్రంలో మైక్రోఆల్బుమిన్ పరీక్ష (కిడ్నీలు దెబ్బతింటున్నాయా అని చూసేది) చాలా ప్యాకేజీల్లో ఉండదు. కంటి రెటీనా, పాదాల స్పర్శ పరీక్షలు కూడా ఏటా చేయించాలి. కంట్లో చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకే, ఆ రోజు సెలవు పెట్టుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఇలాంటి ముందస్తు పరీక్షల ఖర్చు ఆరోగ్య బీమాకు ఇచ్చే పన్ను మినహాయింపు పరిమితి లోపల ఐదు వేల దాకా చూపించుకోవచ్చు.

నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం మా బస్తీ దవాఖానా. పగటిపూటే తెరిచి ఉంటుందని పగటి ఉద్యోగులు వాపోతారు, నాకు అదే కలిసొచ్చింది. రక్తం అక్కడ తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు, పైసా ఖర్చు లేదు. కూర్చోవడానికి చోటు దొరకదు, డాక్టర్ మాట్లాడేది రెండు నిమిషాలు. అయినా మామూలు పరీక్షలన్నీ ఇప్పుడు అక్కడే.

యాప్ ఈసారి రెన్యువల్ చేయలేదు. కాకినాడ ఆవిడ అందులోంచి బయటికొచ్చి సొంతంగా చూస్తున్నారు. ఫీజు కట్టి ఆవిడతోనే మాట్లాడుతున్నా, అదీ సాయంత్రం నాలుగింటికి.