గీక్‌బాట్ పెట్టాక మా స్టాండప్ ఏమైంది (మూడు నెలల రివ్యూ)

స్టాండప్ అంటే ఎవరు ఏం చేస్తున్నారో రోజూ చెప్పుకునే చిన్న మీటింగ్, గీక్‌బాట్ అంటే ఆ ప్రశ్నలు చాట్‌లో అడిగే యాప్. మాది తొమ్మిది మంది సాఫ్ట్‌వేర్ టీమ్. ఏడుగురం హైదరాబాద్‌లో, ఇద్దరు డల్లాస్‌లో. అందుకే స్టాండప్ రాత్రి ఎనిమిదిన్నరకి, అప్పటికి వాళ్లకి పొద్దున పది, చలికాలం టైం మారితే తొమ్మిది. ఆ టైంకి ఇక్కడ ఒకళ్లు క్యాబ్‌లో ఉంటారు, ఒకళ్లు పిల్లలకి అన్నం పెడుతుంటారు, కెమెరాలన్నీ ఆఫ్, తన వంతు రాగానే మ్యూట్ తీసి "నిన్న ఆ టికెట్ చేశా, ఇవాళా అదే, నో బ్లాకర్స్" అనేసి మళ్లీ మ్యూట్ (టికెట్ అంటే బోర్డ్ మీద రాసుకున్న ఒక పని, బ్లాకర్ అంటే పనికి అడ్డు). పక్కవాళ్లు ఏం చెప్పారో ఎవరికీ తెలీదు. పదిహేను నిమిషాల మీటింగ్ నలభైకి పోయేది. స్క్రమ్ (చిన్న చిన్న విడతల్లో పని చేసే పద్ధతి) సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్ పని కూడా నేనే చూస్తా కాబట్టి నాకు రోజూ బాధగానే ఉండేది, ఎందుకంటే వీళ్లు పని మీద ఇష్టం లేనివాళ్లు కాదు, అదే మనుషులు మధ్యాహ్నం టీ దగ్గర అదే బగ్ గురించి గంట మాట్లాడుకుంటారు.

ఆ మూడు ప్రశ్నలు (నిన్నేం చేశావ్, ఇవాళేం చేస్తావ్, అడ్డేంటి) రూల్ అనుకుని పట్టుకుని కూర్చున్నాం. తీరా చదివితే స్క్రమ్ పద్ధతికి ఆధారమైన స్క్రమ్ గైడ్‌లో 2017లోనే అవి ఉదాహరణ మాత్రమే అని మార్చారు, 2020 గైడ్‌లో అసలు లేవు. పదిహేను నిమిషాల్లో స్ప్రింట్ గోల్‌కి (ఆ విడతకి పెట్టుకున్న లక్ష్యానికి) ఎంత దగ్గరయ్యామో చూసుకుని ప్లాన్ సర్దుకోండి, అంతే ఉంది.

సరే అని స్లాక్‌లో (మేం వాడే ఆఫీస్ చాట్ యాప్) గీక్‌బాట్ పెట్టాం. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో కూడా పనిచేస్తుంది. మనం పెట్టిన టైంకి ఒక్కొక్కళ్లకి విడిగా మెసేజ్ చేసి ప్రశ్నలు అడుగుతుంది, మనం రాసింది టీమ్ ఛానెల్‌లో వేస్తుంది, రాయకపోతే గుర్తుచేస్తుంది. ఎవరి టైంజోన్ ప్రకారం వాళ్లని అడిగేలా పెట్టుకోవచ్చు, మాకు పనికొచ్చింది అదే, డల్లాస్ వాళ్లకి వాళ్ల పొద్దున, మాకు మా పదింటికి.

రెండో వారంలోనే తేడా తెలిసింది. మా ఫ్రెషర్ ఒకబ్బాయికి స్టేజింగ్ (టెస్టింగ్ కోసం ఉండే) డేటాబేస్ యాక్సెస్ లేక రెండు రోజులుగా పని ఆగిపోయింది. రాత్రి కాల్‌లో మేనేజర్ ఉంటారని రెండు రోజులూ "నో బ్లాకర్స్" అనే చెప్పాడు. మూడో రోజు పొద్దున బాట్ అడిగితే మాత్రం యాక్సెస్ రాలేదని ఒక లైన్ రాశాడు, మా టెస్టింగ్ అక్క అది చూసి "నాకు చెప్పొచ్చు కదరా" అని థ్రెడ్‌లోనే (ఆ మెసేజ్ కిందే) రిక్వెస్ట్ పెట్టించింది, మధ్యాహ్నానికి అయిపోయింది. అందరూ వింటుండగా నోటితో చెప్పలేనిది రాయమంటే రాస్తారు, కొత్తవాళ్లకి, ఇంగ్లీషులో గడగడా మాట్లాడటం అలవాటు లేనివాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. ఇప్పుడు ఆ అబ్బాయి సగం తెలుగు సగం ఇంగ్లీషు కలిపి మా అందరికంటే వివరంగా రాస్తున్నాడు.

కానీ మూడు వారాలకి కాపీ పేస్ట్ మొదలైంది, నిన్నటి జవాబే ఇవాళ. అది బాట్ వల్ల కాదు, మేం రాసినదానికి ఎవరూ బదులు ఇవ్వకపోవడం వల్ల. అప్పుడు రెండు పనులు చేశాం. ప్రశ్నలు మనమే మార్చుకోవచ్చు కాబట్టి రెండే ఉంచి, బ్లాకర్స్ ఉన్నాయా అనేది తీసేసి "ఇవాళ ఎవరి సాయం కావాలి?" అని పెట్టా. బ్లాకర్ అంటే ఏదో తప్పు ఒప్పుకున్నట్టు ఫీలవుతారు, సాయం అంటే పేరు రాసేస్తారు. రెండోది, పొద్దున పదకొండులోపు ప్రతి సాయానికి నేనో ఇంకో సీనియరో థ్రెడ్‌లో జవాబు ఇచ్చి తీరాలి. ఈ రెండోది చేయకపోతే ఏ యాప్ పెట్టినా వేస్ట్, నేను గట్టిగా చెప్తున్నా.

రాత్రి కాల్ తీసేయలేదు, వారానికి మూడు రోజులే పెట్టుకున్నాం. అందులో మనుషుల్ని వరసగా అడగం, జిరా బోర్డ్ (ఏ టికెట్ ఏ దశలో ఉందో చూపించేది) ఓపెన్ చేసి కుడివైపు నుంచి, అంటే పూర్తవడానికి దగ్గరున్న టికెట్ నుంచి మొదలెడతాం, దాన్ని ఇవాళ దాటించాలంటే ఏం కావాలి అని. ఎవరి టికెట్ వస్తే వాళ్లు మాట్లాడతారు, రోజుకొకరు నడిపిస్తారు. పన్నెండు నిమిషాల్లో అయిపోయిన రోజులున్నాయి. డిజైన్ గొడవ మొదలైతే ఆ ఇద్దరే ఉండిపోతారు, మిగతావాళ్లు అన్నం తినడానికి పోతారు.

అందరూ ఒకే రూమ్‌లో కూర్చునే టీమ్ అయితే ఇది అక్కర్లేదు, బోర్డ్ దగ్గర నిలబడి మాట్లాడుకోండి చాలు. రాతలో గొంతు వినపడదు, ఎవరైనా నీరసంగా ఉన్నారా అనేది కాల్‌లోనే తెలుస్తుంది. మా తొమ్మిది మందికి ఫ్రీ ప్లాన్ సరిపోయింది, పది మంది వరకు ఫ్రీ, అది దాటితే డబ్బులు కట్టాలి, రేటు వాళ్ల సైట్‌లో చూసుకోండి. నా వరకు ఐదుకి నాలుగు. పెట్టేముందు మాత్రం పొద్దున జవాబులు చదివి బదులిచ్చేది ఎవరో టీమ్‌లో ముందే అనుకోండి.