గుర్రం ఒంటిమీద గడ్డ: తడిమి చూడటమా, సూదితో తీయించడమా, ముక్క కోయించడమా?

మాఘం మొదలుకొని వైశాఖం దాకా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బరాత్‌ల కోసం గుర్రాలను ఊరూరికీ తిప్పుతారు. ఆ నెలల్లో జీను కింద, మెడ పక్కన, పొట్ట అడుగున ఏదో ఒక గడ్డ తేలడం వాటిని పెంచేవారికి కొత్త కాదు. గడ్డ కనిపించిన నాడు యజమాని ముందు మూడు దారులుంటాయి: చేత్తో తడిమి, కొలిచి, రెండు రోజులు గమనించడం; పశువైద్యుని చేత సూదితో నమూనా తీయించడం; చిన్న ముక్క కోయించి పరీక్షకు పంపడం. ఏది మేలన్నది ఆ గడ్డ ఎక్కడ, ఎలా లేచిందన్న దాన్ని బట్టి ఉంటుంది గాని, ఖర్చు ఎక్కువయ్యే పరీక్షే మంచి పరీక్ష అనుకోవడం పొరపాటు.

చేతి పరీక్షకు ఖర్చు లేదు, గుర్రానికి నొప్పి లేదు. అయినా చాలామంది గడ్డను చూస్తారే గాని తడమరు. రాత్రికి రాత్రే మెడమీద, పక్కటెముకల మీద బిళ్లల్లాగా అనేకం లేచి, వాటిపై వెంట్రుకలు నిక్కబొడుచుకొని, వేలితో నొక్కితే సొట్ట పడుతున్నాయంటే అవి చాలావరకు దద్దుర్లే. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల పక్కన కట్టే గుర్రాలను వానాకాలంలో దోమలు, సన్న ఈగలు కుట్టి ఇలా కావచ్చు. దాణా మార్చినా, పెన్సిలిన్ వంటి మందు పడకపోయినా కావచ్చు. ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో అణగిపోయే వీటికి సూదీ అక్కరలేదు, కత్తీ అక్కరలేదు. ముఖం, ముక్కుపుటాలు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం గంట సేపు కూడా ఆగకుండా వైద్యుణ్ని పిలవాలి. వయసు తక్కువ గుర్రాల మూతిమీది పులిపిర్లు కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. వీపుమీద గట్టిగా, నొప్పి లేకుండా, పైన వెంట్రుకలు చెదరకుండా ఉండే చిన్న కాయలను కూడా జీను రాసుకోకుండా చూసుకుంటూ కొన్నాళ్లు గమనించవచ్చు.

సూది అసలు విలువ తెలిసేది మెత్తబడే గడ్డల దగ్గర. తాకితే వేడిగా ఉండి, గుర్రం చెయ్యి వేయనీయకుండా, నడుమ మెత్తబడుతున్న గడ్డలో ఉన్నది చీమా, నెత్తురా, వట్టి నీరా అన్నది సూదితో అక్కడికక్కడే తేలుతుంది. ఇంకో గుర్రం తన్నడం వల్ల నెత్తురు గూడిన వాపును చీముగడ్డ అనుకొని ఇంట్లోనే బ్లేడుతో కోస్తే, లేని చీమును మనమే తెచ్చిపెట్టినవాళ్లమవుతాం. పిల్ల బొడ్డు దగ్గర నొక్కితే లోపలికి పోయే వాపుకు మాత్రం సూది కూడా ప్రమాదమే, ఎందుకంటే అక్కడికి జారినది పేగు కావచ్చు. దవడ కింద గడ్డ కట్టి, జ్వరంతో పాటు ముక్కు నుంచి చీము కారుతుంటే గుర్రం నుంచి గుర్రానికి అంటుకునే రోగమైన స్ట్రాంగిల్స్‌ను అనుమానించి, పరీక్ష ఫలితం రాకముందే ఆ గుర్రాన్ని విడిగా కట్టి, దాని బకెట్టు, తొట్టి వేరు చేయాలి.

పెళ్లిళ్లకు అందరూ తెల్ల గుర్రాన్నే అడుగుతారు కనుక ఇక్కడి యజమానులు మరొకటి ఎరిగి ఉండాలి. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి ఏళ్లు గడిచే కొద్దీ తెల్లబడిన గుర్రాలకు 15 ఏళ్లు దాటాక తోక కింద, మలద్వారం చుట్టూ నల్లటి గట్టి గడ్డలు రావడం చాలా సాధారణం. దీన్నే మెలనోమా అంటారు. సూదితో తీస్తే నల్లటి పదార్థం వచ్చి రోగం తేలికగా తెలుస్తుంది కాబట్టి ఇక్కడ కోతకన్నా సూదే మేలు.

సార్కాయిడ్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. గుర్రాల చర్మంపై అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కణితి ఇదే. పశువులకు పులిపిర్లు తెచ్చే వైరస్‌తో దీనికి సంబంధం ఉంది. గట్టి పీచులాంటి కణితి కావడంతో సూదికి కణాలు సరిగా రావు. ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తేలుతుంది గాని, ఊరకున్న సార్కాయిడ్‌ను కదిలిస్తే అది రెచ్చిపోయి పెరగవచ్చు. మాకు తెలిసిన ఒక ఆడగుర్రానికి పొట్టపట్టీ దగ్గర ఉసిరికాయంత గడ్డను పులిపిరి అనుకొని దారం కట్టి తెంపారు. మూడు నెలల్లో అక్కడ అరచేయంత పచ్చిపుండు పడింది, ఆ ఏడాది అది జీను మోయలేకపోయింది. ఆ బాధ చూసినవాడిగా చెబుతున్నాను, ఇలాంటి గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే, వీలైతే మొత్తంగా తీయించి ఆ గడ్డనే పరీక్షకు పంపడం ముక్క కోయించడం కన్నా మంచిది. తీసిన కణజాలాన్ని దానికి పది రెట్లు ఉండే, కుళ్లకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్‌లో వేయించాలి. మంచులో గడ్డకట్టిస్తే పరీక్షకు పనికిరాదు. పశువుల దవాఖానలో ఈ వసతి లేకుంటే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకు పంపే దారి అడగాలి.

ఈ మూడు దారులూ పనికిరాని గడ్డలు కూడా ఉన్నాయి. కాలి లోపలి వైపున తాడుకు ముడులు వేసినట్టు వరుసగా లేచి, పగిలి, తేనెలాంటి జిగట రసి కారే గడ్డలను, ముఖ్యంగా ముక్కు నుంచి కూడా రసి కారుతుంటే, గ్లాండర్స్‌గానే భావించి నడుచుకోవాలి. అది మనుషులకు అంటుకొని ప్రాణం తీయగల రోగం. వాటిని తడమకూడదు, పిండకూడదు, కోయకూడదు. గుర్రాన్ని ఒంటరిగా కట్టి, చేతి తొడుగులు, మాస్కు లేకుండా దగ్గరికి పోకుండా, అదే రోజు పశువైద్యునికి తెలపాలి. ఇటువంటి రోగాలను దాచకుండా తెలియజేయాలని 2009 నాటి పశు అంటురోగాల చట్టం యజమానినే ఆదేశిస్తుంది. అక్కడ తీయవలసింది గడ్డలోని రసి కాదు, నెత్తురు. దాన్ని హర్యానాలోని హిస్సార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపి పరీక్షిస్తారు. ఫలితం వచ్చేదాకా ఆ గుర్రానికి వాడిన బ్రష్షు, జీను, కళ్లెం మరో గుర్రానికి తగలనీయకూడదు, ఎంత పెద్ద బరాత్ అయినా పంపకూడదు.