క్లస్టర్‌లో యూజర్లు: యూజర్-డేటా, ఇమేజ్, ఆన్సిబుల్... ఏది మేలు?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే, క్లౌడ్‌లో అద్దె సర్వర్లను కలిపి క్లస్టర్ కట్టుకునే హనుమకొండ, కాజీపేట పిల్లల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, ఎనిమిది సర్వర్లు లేచినయ్. ఒక్కదాంట్లకు గూడ లాగిన్ అయితలేదు. పర్మిషన్ డినైడ్ అంటున్నది."

ఆ మాట వచ్చిందంటే సర్వర్ దాకా చేరినట్టే. ఫైర్‌వాల్ దారి మూసేస్తే టైమ్ఔట్ అవుతుంది, డినైడ్ అనదు. అంటే తప్పు ఎక్కువగా యూజర్ల దగ్గరో, పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే కీల దగ్గరో ఉంటుంది. అందుకే ఆ యూజర్లను ఎక్కడ తయారు చేయడం మేలన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది. నేను చూసేది ఒక్కటే: తప్పు జరిగితే అది నా కంటికి ఎక్కడ కనిపిస్తుంది?

అందరూ మొదట పట్టుకునేది యూజర్-డేటా. లాంచ్ చేసేటప్పుడే ఒక ఫైలు అతికిస్తే సర్వర్ మొదటి బూట్‌లో అందులోని క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రామ్ అది చదివి పని కానిచ్చేస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అమెజాన్ క్లౌడ్‌లో ఆ ఫైలుకు 16 కేబీ పరిమితి ఉన్నా, పది మంది యూజర్లకు అది చాలు.

మొన్న ఒక తమ్ముడి ఫైలు తెరిచి చూశాను. యూజర్ల జాబితాలో నలుగురి పేర్లూ పద్ధతిగా ఉన్నాయి, కానీ 'డిఫాల్ట్' అన్న ఒక్క వరుస లేదు. మనం జాబితా ఇస్తే క్లౌడ్-ఇనిట్‌కు అదే మొత్తం జాబితా. 'డిఫాల్ట్' అని రాయకపోతే 'ఉబుంటు' అనే మామూలు యూజర్ తయారే కాదు. పైగా కీలు రాసే పదంలో ఒక అక్షరం తప్పు పడింది. నలుగురూ తయారయ్యారు కానీ ఎవరి దగ్గరా కీ లేదు. అసలు తలుపు లేదు, ఉన్న నాలుగు తలుపులకూ తాళం చెవి లేదు. కారణం తెలియాలంటే లోపలున్న క్లౌడ్-ఇనిట్ లాగ్ చూడాలి, ఆ లోపలికే పోలేం. కన్సోల్ నుంచి సిస్టమ్ లాగ్ తెప్పించుకుని వెతకొచ్చు, కానీ ఎనిమిది నోడ్లకూ (క్లస్టర్‌లోని సర్వర్లకు) అలా వెతుకుతూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది. దొరికాక ఫైలు సరిచేసి రీబూట్ చేసినా లాభం లేదు, యూజర్లను తయారు చేసే భాగం మొదటి బూట్‌లోనే నడుస్తుంది. అన్నీ తీసేసి మళ్లీ లాంచ్ చేయాల్సిందే.

యూజర్లను ముందే పెట్టిన సర్వర్ డిస్కును అచ్చు తీసి, అంటే ఇమేజ్ చేసుకుని, దాంతోనే నోడ్లన్నీ లేపడం రెండో దారి. నోడ్లు త్వరగా సిద్ధమవుతాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ ఒక్క యూజర్ మారినా ఇమేజ్ మళ్లీ చేయాలి. ముంబైలో చేసిన ఇమేజ్ అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్ల గుంపులో) కనిపించదు, కాపీ చేసుకోవాలి. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలైనప్పటి నుంచి ఇక్కడి పిల్లలు కొందరు అటు మారి ఈ కాపీ దగ్గరే చిక్కుకుంటున్నారు. నన్ను ఇంకా భయపెట్టేది పాత కీలు. పోయిన బ్యాచ్ వాళ్ల కీలు ఇమేజ్‌లో మిగిలిపోతే వాళ్లు ఈ ఏడాది క్లస్టర్‌లోకి కూడా రాగలరు. సాఫ్ట్‌వేర్‌ను ఇమేజ్‌లో పెట్టండి, మనుషులను పెట్టకండి.

ఈసారి తొమ్మిది నోడ్ల క్లస్టర్ కట్టినప్పుడు నేను మూడో దారి, ఆన్సిబుల్ అనే టూల్ వైపే వెళ్లాను. యూజర్-డేటా ఖాళీగా వదిలేశాను, డిఫాల్ట్ యూజర్, నా కీ మాత్రమే. నోడ్లు లేచాక మిగతా యూజర్లను నా ల్యాప్‌టాప్ నుంచి ఆన్సిబుల్ పెడుతుంది. నోడ్లలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే చాలు. చివర్లో ఒక్కో నోడ్‌కు ఒక్కో వరుస వస్తుంది. అందులో 'అన్‌రీచబుల్' దగ్గర అంకె పడితే ఆ నోడ్ దాకా చేరనే లేదు, నెట్‌వర్క్, కీ చూసుకోవాలి. 'ఫెయిల్డ్' దగ్గర పడితే చేరింది, ఎక్కువగా నేను రాసిందే తప్పు. ఏ నోడో ఆ వరుసలోనే, ఏ పనో దానికి పైన వచ్చిన అవుట్‌పుట్‌లో ఉంటుంది. సరిచేసి మళ్లీ నడిపితే సరిగ్గా ఉన్నవాటిని అలాగే వదిలేస్తుంది. ఆ రోజు ఆరో నోడ్ ఒక్కటే ఆగింది. పది నిమిషాల్లో తేలిపోయింది, ఏ సర్వర్‌నూ తీసేయలేదు.

లోటు లేకపోలేదు. లోడ్ పెరిగి అర్ధరాత్రి కొత్త నోడ్ దానంతట అదే లేస్తే ఆన్సిబుల్ నడపడానికి ఎవరుంటారు? అలాంటి క్లస్టర్‌కు యూజర్-డేటానే నయం. ముందు ఒక్క నోడ్ మీద పరీక్షించి చూసుకోండి.

వందల మంది వాడే చోట యూజర్లందరినీ ఒకేచోట ఉంచే ఎల్‌డాప్ లాంటి డైరెక్టరీ సర్వీస్ పెట్టుకోండి. పది మందికి అది బరువే.

ఏ దారి పట్టినా యూజర్ పేరుతో పాటు యూఐడీ, అంటే సిస్టమ్ ఆ యూజర్‌ను గుర్తించే నంబర్, కూడా రాయండి. నంబర్ ఇవ్వకపోతే ఉబుంటుకు 1000 పోగా, తర్వాతి వాళ్లకు వరుసగా 1001, 1002 పడతాయి. ఒక నోడ్‌లో వరుస మారిందంటే నంబర్లూ మారతాయి. హోమ్ ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌తో నోడ్లన్నిటికీ పంచుకుంటే అది మామూలుగా పేరు చూడదు, నంబరే చూస్తుంది. అప్పుడు ఒక అమ్మాయి ఫైళ్లు మూడో నోడ్‌లో ఇంకొకరి పేరు మీద కనిపిస్తాయి, ఆమె జాబ్ తన ఫోల్డర్‌లోనే రాయలేక ఆగిపోతుంది. లాగిన్ మాత్రం చక్కగా అవుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నేను యూఐడీలను 2001 అనే నంబర్ నుంచి మొదలుపెట్టి పేరు, నంబర్ ఒకే ఫైల్లో రాసుకుంటాను. చదువు అయిపోయి వెళ్లినవాళ్ల నంబర్ ఇంకెవరికీ ఇవ్వను. ఇస్తే వాళ్లు వదిలివెళ్లిన ఫైళ్లన్నీ కొత్తవాళ్ల పేరు మీదికి వచ్చేస్తాయి.