1050 టీఐ అని చెప్పి 550 టీఐ అంటగట్టారు: వైజాగ్‌లో పాత గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లూ, జాగ్రత్త

ద్వారకానగర్ వైపు సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొందామని బయల్దేరుతున్నవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను 5,200 రూపాయలు పెట్టి జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ అని కొన్న కార్డు నిజానికి 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ. మెమొరీ 1 జీబీ. ఈ సంగతి తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అది కూడా నా తెలివితో పట్టుకున్నది కాదు. కంప్యూటర్‌లో విండోస్ బదులు వాడే ఉబుంటు (ఒక రకం లైనక్స్) అప్‌గ్రేడ్ చేస్తే స్క్రీన్ నల్లబడింది, ఎందుకని తవ్వుతుంటే ఇది బయటపడింది.

షాపు పేరు రాయను. నా దగ్గర సరైన బిల్లు లేదు. పేరు రాస్తే రేపు నన్నే నిలదీస్తారు. బిల్లు ఎందుకు లేదో కింద వస్తుంది, ఆ తప్పు నాదే.

సంక్రాంతికి ముందు మా తమ్ముడు త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానన్నాడు. ఇంట్లో నాలుగో జనరేషన్ ఐ5 డెస్క్‌టాప్ ఉంది, దానికి పాత వీజీఏ మానిటర్. కొత్త కార్డు కొనే బడ్జెట్ లేదు. ఇద్దరం బండి మీద వెళ్లి నాలుగు షాపులు తిరిగాం. ఈ షాపులో రేటు మరీ తక్కువా కాదు, ఎక్కువా కాదు. మరీ తక్కువ చెప్పి ఉంటే అనుమానం వచ్చేదేమో. అతను మా ముందే కార్డును ఓ టెస్టింగ్ మెషీన్‌లో పెట్టి, విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి చూపించాడు. స్పష్టంగా జీటీఎక్స్ 1050 టీఐ అనే ఉంది. ఇంకో స్క్రీన్‌లో మెమొరీ 4 జీబీ అని కూడా చూపించాడు. ఇంకేం కావాలి?

ఆ రోజు చూసి కూడా చూడనట్టు వదిలేసినవి మూడున్నాయి. ఒకటి, కార్డు చివరి రేకు మీద తుప్పు. అడిగితే, "సముద్రం పక్కన ఉన్నాం కదా సార్, మన ఊళ్లో గేటుకి పెయింటేసినా ఏడాదికి తుప్పే" అన్నాడు. నిజమే కదా, మా బాల్కనీ గ్రిల్ గతీ అంతే. ఒప్పేసుకున్నాను. రెండు, కార్డుకి విడిగా ఆరు పిన్నుల పవర్ కేబుల్ పెట్టాల్సి వచ్చింది, 1050 టీఐల్లో చాలావాటికి అది అక్కర్లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ రేకు మీద హెచ్‌డీఎంఐ, డీవీఐ పక్కన నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. "హమ్మయ్య, మన పాత మానిటర్‌కి కన్వర్టర్ ఖర్చు తప్పింది" అని మా తమ్ముడితో అన్నాను కూడా. అసలు 1050 టీఐకి వీజీఏ పోర్టు ఉండదు. 2016లో వచ్చిన ఆ పాస్కల్ తరం చిప్పుల్లో వీజీఏకి కావాల్సిన అనలాగ్ అవుట్‌పుట్టే తీసేశారు, దాని డీవీఐ కూడా డిజిటల్ మాత్రమే. దొంగతనానికి సాక్ష్యం కళ్లముందుంటే, నేను దాన్ని చూసి సంబరపడ్డాను.

బిల్లు అడిగితే, "జీఎస్టీ బిల్లయితే 18 శాతం ఎక్కువవుతుంది సార్, ఎస్టిమేట్ ఇస్తాను, ఏదన్నా ఉంటే నేనున్నాను కదా" అన్నాడు. వారం రోజులు టెస్టింగ్ వారంటీ అన్నాడు. తొమ్మిది వందలు మిగిలాయనుకుని చీటీ జేబులో పెట్టుకున్నాను. డబ్బు యూపీఐలో కొడితే వచ్చిన పేరు షాపుది కాదు, ఎవరో మనిషిది. అదీ పట్టించుకోలేదు.

ఇంట్లో మాకు విండోస్ లేదు, ఉబుంటు 22.04. 'అడిషనల్ డ్రైవర్స్' (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పేజీ) తెరిస్తే, చిప్పు చేసే కంపెనీ ఎన్విడియా ఇచ్చే 390 డ్రైవర్ 'రికమెండెడ్' అని చూపించింది. నొక్కాను, రీస్టార్ట్ చేశాను, పనిచేసింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పేజీలో డ్రైవర్ల జాబితాకి పైన, మొదటి వరసలోనే, కార్డు అసలు పేరు రాసి ఉంటుంది. నేను దాన్ని చదవలేదు. కింద ఏ గుండ్రం నొక్కాలా అనే చూశాను. మా తమ్ముడు ఆ రోజు ఉత్సాహంగా ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి వాడి ఫ్రెండ్స్‌కి వాట్సాప్‌లో పంపాడు. మొన్న ఆ ఫొటో వెతికి జూమ్ చేస్తే, జీఎఫ్116 (ఇది చిప్పు పేరు), జీఫోర్స్ జీటీఎక్స్ 550 టీఐ అని చక్కగా కనబడుతోంది. ఎనిమిది నెలలు మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది ఆ ఫొటో.

బ్లెండర్‌లో సైకిల్స్ రెండర్‌కి (బొమ్మని తుదిరూపంలో తయారుచేయడానికి) జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్పు, ఎంచుకుందామంటే, తగిన జీపీయూ ఏదీ దొరకలేదని చెప్పేది. మా వాడు రెండ్రోజులు తిప్పలు పడి, "లైనక్స్‌లో ఇంతే అన్నయ్యా" అని తీర్మానించి సీపీయూ మీదే రెండర్ చేసుకున్నాడు. లైనక్స్ తప్పేమీ లేదు. 550 టీఐ ఫెర్మీ తరం చిప్పు. 2019లో వచ్చిన బ్లెండర్ 2.80 నుంచే ఫెర్మీ కార్డుల మీద రెండర్ చేయడం ఆపేశారు. పాపం, వాడు నిజమే చెబుతున్న సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాడు.

మా ఇంట్లో నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తుంది. డేటా అయిపోతుందని ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి ఉంచాను. అందుకే ఈ నాటకం ఇన్నాళ్లు సాగింది. వినాయక చవితి సెలవుల్లో వాన పట్టుకుని బయటికి కదలనివ్వకపోతే, పక్కింటివాళ్ల వైఫై అడిగి 24.04కి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. రాత్రి పదిన్నరకి అయింది. రీస్టార్ట్ చేస్తే ఉబుంటు బొమ్మ వచ్చి, పోయి, నల్ల స్క్రీన్. ఎడమ మూలన ఒక గీత మినుకు మినుకుమంటోంది. అంతే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ స్క్రీన్ వచ్చింది, లాగిన్ అయ్యాను. సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే లేదు. ప్రతి కొత్త కెర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయ) తగ్గట్టు డ్రైవర్‌ని తయారుచేసే డీకేఎంఎస్ స్టేటస్ చూస్తే, కొత్త 6.8 కెర్నెల్‌కి 390 మాడ్యూల్, అంటే ఆ డ్రైవర్ ముక్క, తయారే కాలేదు. 24.04 రిపాజిటరీలో అసలు 390 డ్రైవరే లేదు. ఎన్విడియా ఆ సిరీస్‌కి 2022 చివరితోనే సపోర్ట్ ఆపేసింది. అప్పటికీ నాకు అనుమానం రాలేదు చూడండి. 1050 టీఐకి 390 ఎందుకు, కొత్త డ్రైవర్ వేస్తే పోతుంది అనుకుని 550 సిరీస్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాను. చక్కగా ఎక్కింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ నల్ల స్క్రీనే.

అప్పుడు కెర్నెల్ లాగ్ తెరిచాను. ఎన్‌వీఆర్‌ఎం అని మొదలయ్యే వరసలు నాలుగైదు. వాటి సారాంశం: ఈ సిస్టమ్‌లో ఉన్న జీఫోర్స్ జీటీఎక్స్ 550 టీఐకి 390 సిరీస్ లెగసీ డ్రైవర్ వాడాలి, ఈ 550 డ్రైవర్ దాన్ని పట్టించుకోదు. నేను వేసిన డ్రైవర్ నంబరూ 550, అది చెబుతున్న కార్డు నంబరూ 550. దాంతో ఇది డ్రైవర్ గురించే ఏదో అంటోందనుకుని ఇంకో అరగంట అదే తీసి అదే వేశాను. మా అమ్మ నిద్రలేచి వచ్చి, "ఏటైందిరా, ఇంకా పడుకోలేదేటి?" అనడిగితే విసుక్కున్నాను కూడా. ఒంటిగంట దాటాక ఆ వరస ఒక్కో పదం వేలు పెట్టి చదివితే, నంబర్ పక్కన 'టీఐ' కనబడింది. డ్రైవర్‌కి టీఐ ఎక్కడిది?

మెషీన్‌లో ఏ కార్డులున్నాయో చెప్పే ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొట్టాను. జీఎఫ్116. గుర్తింపు సంఖ్య 10డీఈ:1244. అసలు 1050 టీఐ అయితే జీపీ107 అని, 10డీఈ:1సీ82 అని రావాలి. ఎన్విడియా ప్యాకేజీలన్నీ పూర్తిగా తీసేసి, నూవోని బ్లాక్‌లిస్ట్ చేసిన ఫైలు కూడా పోయిందని చూసుకుని రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ వచ్చింది. నూవో అంటే కెర్నెల్‌తో పాటే వచ్చే ఓపెన్‌సోర్స్ డ్రైవర్. అది బూట్ అయ్యేటప్పుడు చిప్పునే అడిగి పేరు, మెమొరీ లాగ్‌లో రాస్తుంది. అక్కడా జీఎఫ్116 అనే ఉంది, మెమొరీ 1024 ఎంబీ. నాలుగు జీబీ ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున్న కార్డు ఊడదీసి, కూలర్ వెనక నాలుగు స్క్రూలు విప్పాం. ఎండిపోయిన పేస్టు సున్నంలా రాలింది. ఇయర్‌బడ్‌కి స్పిరిట్ అద్ది తుడిస్తే చిప్పు మీద చెక్కిన అక్షరాలు తేలాయి, జీఎఫ్116 అనే. పైన ప్లాస్టిక్ మూత మీద మాత్రం 1050 టీఐ స్టిక్కర్ మెరిసిపోతోంది. స్టిక్కర్ అంచు గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్ గమ్ము మరక.

ఇది ఒక్క వైజాగ్‌లో పుట్టిన మోసం కాదు. పాత ఫెర్మీ కార్డుల బయోస్ (కార్డులోనే ఉండి దాని వివరాలు చెప్పే ప్రోగ్రామ్) మార్చి రాసి, పేరు, మెమొరీ పెంచి చూపించి కొత్త కార్డులుగా అమ్మడం చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఎంత ఎక్కువగా నడుస్తోందంటే, విండోస్‌లో వాడే జీపీయూ-జడ్ అనే చిన్న ప్రోగ్రామ్ 2018లోనే ఇలాంటి కార్డులకి 'ఫేక్' అని ముద్ర వేయడం మొదలుపెట్టింది. 1050 టీఐలో 768 'కుడా' కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 550 టీఐలో 192. పేరు రాస్తే కోర్లు పెరగవు కదా. గేమ్ ఆడేవాళ్లకైతే, మెమొరీ 1 జీబీ దాటగానే కార్డు కుప్పకూలి వారంలోనే తెలిసిపోయేది. మాది నెమ్మది వాడకం కాబట్టి వాడి వారంటీ హాయిగా గడిచిపోయింది.

అలాగని అప్‌గ్రేడ్ తర్వాత స్క్రీన్ నల్లబడిన ప్రతివాళ్లూ షాపు మీదికి వెళ్లకండి. చాలాసార్లు కారణం మామూలుదే ఉంటుంది: కొత్త కెర్నెల్‌కి హెడర్స్ (మాడ్యూల్ తయారీకి కావాల్సిన ఫైళ్లు) లేక మాడ్యూల్ తయారవదు, లేదా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి సంతకం లేని మాడ్యూల్‌ని రానివ్వదు. బూట్ మెనూ గ్రబ్‌లో పాత కెర్నెల్ ఎంచుకునో, నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చో లోపలికి వెళ్లి సరిచేసుకోవచ్చు. కాకపోతే, ఏ డ్రైవర్ వేయాలో వెతికే ముందు కార్డు పేరు డబ్బా మీద కాకుండా ఎల్‌ఎస్‌పీసీఐలో చదవండి. నేను ఆ పని మొదట చేసుంటే పదకొండుకల్లా పడుకునేవాణ్ణి.

కొనేముందు చేయాల్సింది ఇదే, కాస్త ముందుగా. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసుకుని వెళ్లండి. షాపువాడి మెషీన్‌లోనే దాంతో బూట్ చేసి, 'ట్రై ఉబుంటు' నొక్కి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, ఆ తర్వాత సుడో డీఎంసెగ్ (sudo dmesg) కొట్టి కెర్నెల్ లాగ్‌లో నూవో రాసిన వరస చూడండి. మీరు కొంటున్నది 1050 టీఐ అయితే జీపీ107 ఉండాలి. జీఎఫ్ అని మొదలైతే లేచి వచ్చేయండి, బేరం కూడా ఆడొద్దు. హార్డ్‌డిస్క్‌లో ఏమీ మారదు కాబట్టి వద్దనడానికి అతనికి కారణం ఉండదు. అయినా వద్దంటే అదే జవాబు అనుకోండి. వాళ్ల విండోస్‌లో వాళ్లు చూపించేది చూసి మాత్రం డబ్బు కట్టొద్దు. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాయించండి. ఆ 18 శాతమే తర్వాత మీ చేతిలో ఉండే కాగితం.

షాపుకి వెళ్లాను. కార్డు చూడగానే అతను అన్న మొదటి మాట, "మీరు లైనక్స్ ఎక్కించారు కదా సార్, దాని వల్లే కార్డు మారిపోయింది." మారిపోయిందట! చిప్పు మీద చెక్కిన అక్షరాలు నా ఉబుంటు చెక్కిందా అన్నాను. కాసేపు ఫోన్ చూసుకుని, తనకీ హోల్‌సేల్‌లో అలాగే వచ్చిందనీ, తనకేం తెలియదనీ అన్నాడు. అది నిజం కావచ్చు కూడా, నేను కొట్టిపారేయను. కానీ నా డబ్బు వెనక్కివ్వడానికి అది అడ్డం కాదు కదా. చివరికి, "రెండు వేలు వేసి ఇంకో కార్డు పట్టుకెళ్లండి" అన్నాడు. తీసుకోలేదు.

1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. యూపీఐ స్క్రీన్‌షాట్, ఎస్టిమేట్ చీటీ, చిప్పు ఫొటోలు, ఎల్‌ఎస్‌పీసీఐ ఫొటో దాచి ఉంచాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రెండేళ్ల గడువు ఉంది, ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. మానిటర్ వైరు ప్రస్తుతం మదర్‌బోర్డ్ పోర్టుకే పెట్టాం. 24.04 ఏ గొడవా లేకుండా నడుస్తోంది.

ఆ రోజు షాపులో, రెండు వేలు వేసి తీసుకోమన్న కార్డు అతను అద్దాల కౌంటర్‌లోంచి తీసి నా చేతికిచ్చాడు. కవర్ మీద మళ్లీ 1050 టీఐ స్టిక్కరే. తిప్పి చూస్తే నీలం వీజీఏ పోర్టు. తిరిగి ఇచ్చేశాను. అతను దాన్ని మళ్లీ అదే కౌంటర్‌లో, అదే చోట పెట్టాడు.