ప్రసవానంతర డూలా సేవ: ఆరు వారాల అనుభవం
పాపకు పాలు పట్టడమే పెద్ద పరీక్షగా మారిన రోజుల్లో మేము ఒక డూలాను, అంటే ప్రసవం తర్వాత తల్లికీ బిడ్డకూ తోడుగా ఉండి సాయం చేసే మనిషిని, కుదుర్చుకున్నాము. ఆమె వచ్చీ రాగానే బిడ్డను తన చేతుల్లోకి తీసుకోకుండా నా పక్కన కూర్చుని, పాప చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా నోట్లోకి తీసుకునేలా, గడ్డం రొమ్ముకు ఆనేటట్టు పట్టుకోవడం నేర్పారు. రెండు రోజుల్లో పాలిచ్చేటప్పుడు వచ్చే నొప్పి తగ్గింది. పసిబిడ్డ రోజుకు 8 నుండి 12 సార్లు పాలు తాగడం సహజమేనని, ఐదో రోజు దాటాక కనీసం 6 సార్లు మూత్రం పోయడం పాలు సరిపోతున్నాయనడానికి ఒక గుర్తని చెప్పి, గోడకు కాగితం అంటించి లెక్క రాయించారు. డూలా వైద్యురాలు కాదు. పాప కళ్లు పచ్చబడినట్టు కనిపించిన రోజు సొంత వైద్యం చెప్పకుండా వెంటనే డాక్టరుకు చూపించమనడం నాకు అన్నిటికంటే నచ్చింది. అయితే రాత్రి వేళలు ఒప్పందంలో స్పష్టంగా లేనందున రెండుసార్లు ఇబ్బంది పడ్డాము; అది ముందే రాయించుకోవలసింది.