మొరంగడ్డ (చిలగడదుంప) శివరాత్రి దాకా ఆగాలంటే జూన్‌ల పెట్టాలా, అక్టోబర్‌లనా? ఏది మేలు?

హైదరాబాద్ చుట్టుపక్కల మొరంగడ్డ వేసేటోళ్ళు తీగ నాటేటప్పుడు దిగుబడే చూస్తరు, గానీ గడ్డ ఎన్ని రోజులు ఆగుతదన్నది కూడా చాలావరకు ఆ రోజే తేలిపోతది. నాటిన 90 నుంచి 120 రోజులకి తవ్వుతం కదా, అప్పుడు నేల తడిగా ఉందా పొడిగా ఉందా, తవ్వినంక చలి వస్తదా ఎండ ముదురుతదా, అదే అసలు లెక్క.

జూన్‌ల వేస్తే అక్టోబర్‌కి చేతికొస్తది. ముందు చలికాలమే కాబట్టి నిల్వకి మంచిదే అనిపిస్తది, కానీ ఆ నెల వానలని నమ్మలేం, 2020 అక్టోబర్‌ల సిటీ ఎట్ల మునిగిందో అందరికీ యాదుంది. నీళ్ళు నిలిచిన మట్టిల గడ్డకి గాలాడదు, తవ్వేటప్పుడే తోలు ఊడొస్తది, అసొంటిది ఒక్కటి సంచిల పడ్డా పక్కవాటిని కుళ్ళబెడతది.

అక్టోబర్‌ల వేసింది ఫిబ్రవరిల వస్తది, శుభ్రమైన గడ్డ, పైగా శివరాత్రి గిరాకీ. తవ్వంగనే అమ్మేటోళ్ళకి ఇదే బెస్ట్. నిల్వకి మాత్రం వద్దంట. తవ్వినంక కూడా గడ్డ ఊపిరి పీలుస్తనే ఉంటది, వేడి పెరిగినకొద్దీ తనలో ఉన్న పిండిని తనే ఖర్చు పెట్టుకుంటది, అందుకే మార్చిల మొలకలు, ముడతలు, లోపల బెండు. ఎండిన నేల పగుళ్ళల్లకెళ్ళి ముక్కుపురుగు దిగి గడ్డలోనే గుడ్లు పెడతది, అవి మనతోపాటే ఇంటికొస్తయి. ఎండలు కూడా ముందుకే జరుగుతున్నయి, పగటి వేడి లెక్కన 1901 నుంచి వచ్చిన ఫిబ్రవరి నెలలల్ల 2023దే దేశంల రికార్డు కొట్టింది.

నా ఓటు ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదలుకి. డిసెంబర్‌ల పొడి నేలల తవ్వకం పడతది. మధ్యల వచ్చే వానలకి బోదెల మీద నాటితే చాలు, నెలకి ఒకసారి మట్టి ఎగదోస్తే పురుగుకి దారి ఉండదు. తవ్వినంక కడగొద్దు, దెబ్బ తగిలినవి ముందే వండుకోండి, మిగిలినవి 30 డిగ్రీల దగ్గర, గాలిల మంచి తేమతో, 4 నుంచి 7 రోజులు ఉంచితే గీతలు మానిపోతయి, డిసెంబర్ రాత్రులు చల్లగుంటయి కాబట్టి వెచ్చని అర్రల తడి గోనెలు కప్పాల్సొస్తది. తర్వాత కావాల్సింది 13 నుంచి 15 డిగ్రీలు, మన ఇండ్లల్ల దానికి కొంచెం దగ్గరగా వచ్చేది డిసెంబర్, జనవరే. ఫ్రిజ్‌ల పెట్టకండి, చలి ఎక్కువైతే ఉడికినా నడుమ గట్టిగనే ఉంటది.

మక్క చేను సెప్టెంబర్‌కి ఖాళీ కాకుంటే శ్రీభద్ర లాంటి 90 రోజుల రకం చూసుకోండి, కొంచెం లేటైనా జనవరి దాటకుండా తవ్వొచ్చు.