పాత లారీ ముందు కమాన్లు కట్టించేటప్పుడు ఏ సామాను మేలు?

వరంగల్ ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణానికి వెళ్లి పాత టాటా 1613 లారీకి కింగ్ పిన్ సెట్ (ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసు చివర ఉండే పిన్ను, దాని చుట్టూ కూర్చునే లోహపు గొట్టాలైన బుష్‌లు) కావాలంటే, “కంపెనీదా, లోకలా?” అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. నిజానికి దారులు రెండు కాదు, నాలుగు. లారీ తయారు చేసిన సంస్థ తన పెట్టెలో అమ్మేది ఒకటి: టాటాకు జెన్యూన్ పార్ట్స్, అశోక్ లేలాండ్‌కు లేపార్ట్స్. లారీ కంపెనీలకు సరఫరా చేసే సంస్థలు తమ సొంత పేరుతో బజారులో అమ్మేది రెండోది. కమాన్లకు (ఉక్కు పట్టీల కట్టతో చేసిన స్ప్రింగులకు) జమ్నా, షాక్ అబ్జార్బర్లకు గాబ్రియేల్, స్టీరింగ్ లింకులకు రానే ఈ కోవలోవి. పేరూ ఊరూ లేని లోకల్ సామాను మూడోది. తుక్కుకు పోయిన లారీ నుంచి విప్పి తెచ్చింది నాలుగోది.

ముందు భాగమంతా ఒకే రకం సామానుతో కట్టిస్తే డబ్బయినా వృథా అవుతుంది, ప్రాణానికైనా ముప్పు వస్తుంది. ఆ వస్తువు నడిరోడ్డు మీద విరిగితే ఏమవుతుందన్నది చూసి ఒక్కోదాన్నీ విడిగా ఎంచుకోవాలన్నది నా గట్టి నమ్మకం. కమాను పట్టీ ఒకటి విరిగితే లారీ ఒక పక్కకు ఒరిగి, మెల్లగానైనా ఊరు చేరుతుంది. ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ చివరి కీలు, అంటే టై రాడ్ ఎండ్, ఊడితే స్టీరింగు చేతిలో ఉన్నా చక్రం మాట వినదు.

కొనడానికి ముందు అరుగుదల ఎక్కడుందో తేల్చుకోవాలి. ముందు ఇరుసుకు జాకీ పెట్టి చక్రం లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే అది కింగ్ పిన్ ఆటో, చక్రం తిరిగే హబ్ బేరింగ్ ఆటో తెలియదు. అప్పుడు క్యాబిన్‌లో ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు పట్టాక కదలిక పోతే తప్పు బేరింగుది, అప్పటికీ ఊగుతుంటే కింగ్ పిన్‌ది. ఈ చిన్న పరీక్ష చేయకుండానే పిన్నులు మార్చి, బిల్లు కట్టాక కూడా ఊపు తగ్గక తల పట్టుకునే యజమానులు మన దగ్గర చాలామంది ఉన్నారు.

నేను ఎక్కువ పట్టుబట్టేది కింగ్ పిన్ దగ్గరే. మంచి పిన్ను లోపల సాగే గుణంతో, పైపొర మాత్రం బాగా గట్టిగా ఉంటుంది. ఆ పొరే అరుగుదలను ఆపుతుంది. చౌక పిన్నుల్లో పొర పలుచన, కొన్నింటికి అసలుండదు. పదునైన ఆకురాయిని పిన్ను చివర, బుష్ తగలని చోట మెల్లగా గీస్తే తెలిసిపోతుంది. గట్టి పిన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని పిన్నును కొరుకుతుంది. దుకాణదారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ పిన్ను కొనకండి. ఇక్కడ లారీ కంపెనీ పెట్టె కానీ, పేరున్న సరఫరాదారు పెట్టె కానీ తప్ప మూడో మాట వద్దు.

అయితే ఎంత మంచి సెట్ తెచ్చినా బుష్‌లను సరిగ్గా రీమ్ చేయకపోతే, అంటే లోపలి రంధ్రాన్ని పిన్ను కొలతకు కోసి నునుపు చేయకపోతే, ఆ డబ్బు దండగే. పైబుష్, కిందిబుష్ ఒకే గీతలో ఉండాలంటే రెండింటి గుండా పోయే పొడవాటి రీమర్ కావాలి. ఎమరీ కాగితంతో రుద్ది పిన్ను దూరేలా చేసే మేస్త్రీ దగ్గర కంపెనీ సెట్ కూడా తొందరగానే వదులవుతుంది. చెయ్యి తిరిగిన లేత్ మేస్త్రీ మంచి గన్‌మెటల్‌తో (రాగి, తగరం కలిసిన లోహంతో) చేసిన బుష్‌ను సరిగ్గా రీమ్ చేసి కూర్చోబెడితే అది పెట్టెలో వచ్చిన బుష్‌కు ఏమీ తీసిపోదు. లోకల్ పని అనగానే ముఖం తిప్పుకోనక్కర్లేదు. ఇత్తడితో చేసి గన్‌మెటల్ అని అమ్మేదాన్నే వద్దనాలి. బుష్ దించేటప్పుడు దాని గ్రీజు రంధ్రం, గ్రీజు ఎక్కించే నిపుల్‌కు ఎదురుగా వచ్చిందో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. అది తప్పితే ఎంత గ్రీజు కొట్టినా పిన్నుకు చేరదు.

ఇక కమాన్లు. వీటికి వాడేది మామూలు ఇనుము కాదు, సిలికాన్-మాంగనీస్ లేదా క్రోమ్-వెనేడియం కలిసిన స్ప్రింగ్ ఉక్కు. కాల్చి, చల్లార్చి, మళ్లీ తగిన వేడిలో ఉంచి, చివరగా పట్టీ మీద చిన్న ఉక్కు గుళ్లను వేగంగా కొట్టిస్తారు. ఆ దెబ్బలకు పైపొర బిగుసుకుంటుంది, పగుళ్లు పుట్టడం ఆలస్యమవుతుంది. జమ్నా లాంటి ఫ్యాక్టరీల్లో జరిగే ఈ పని రోడ్డు పక్క కమాను దుకాణంలో జరగదు. అక్కడ వంపు పోయిన పాత పట్టీని సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెస్తారు. లారీ కొన్నాళ్లు ఎత్తుగానే కనబడుతుంది, లోడు పడేకొద్దీ మళ్లీ కుంగుతుంది. గ్యాస్ మంట పెట్టి వంచితే ఇంకా చెడు. మంట తగిలిన చోట ఉక్కు గుణం మారిపోయి పట్టీ సరిగ్గా అక్కడే విరుగుతుంది. చేతిలో డబ్బు లేనప్పుడు ఒక్క పట్టీ మార్చి నెట్టుకురావచ్చు, కానీ వెడల్పు, మందం పాతదానితో సరిపోవాలి. కట్ట మొత్తం మార్చేటప్పుడు మాత్రం రెండు వైపులా కలిపి మార్చండి. ఒక పక్కే కొత్తదైతే లారీ ఒరుగుతుంది.

కరీంనగర్ గ్రానైటు, గోదావరి ఇసుక మోసే లారీలకు ఒక పట్టీ ఎక్కువ వేయించడం మన దగ్గర అలవాటు. ఇది నాకు నచ్చదు. పాత 1613 ముందు ఇరుసు 6 టన్నుల లెక్కకు వచ్చింది. 2018లో కేంద్రం ఇరుసు మీద మోయదగ్గ బరువు పరిమితిని పెంచింది కానీ, చట్టంలో అంకె మారినంత మాత్రాన పాత ఇరుసుకు బలం రాదు. అదనపు పట్టీ వేస్తే కమాను కుంగదు, నిజమే. కుంగి మింగాల్సిన దెబ్బ కింగ్ పిన్‌కూ, హబ్ బేరింగ్‌కూ, ఛాసిస్ మీది బ్రాకెట్ రివెట్లకూ పోతుంది. కొత్త లారీల్లో వచ్చే పారాబోలిక్ కమాన్లు (మధ్యలో మందంగా, చివర్లకు పలుచగా ఉండే కొద్ది పట్టీలవి) తేలిక, ఊపు సాఫీగా ఉంటుంది. కానీ వాటిలో పట్టీల మధ్య రాపిడి తక్కువ కాబట్టి షాక్ అబ్జార్బర్లు చురుగ్గా ఉండాలి. పైగా బ్రాకెట్లూ, కమానును ఇరుసుకు బిగించే యూ బోల్టులూ, వాటి కొలతలన్నీ మారతాయి. పాత లారీకి పాత పద్ధతి కమానే మేలు.

యూ బోల్టులు మొత్తం పనిలో చౌకైనవి, అయినా అందరూ పొదుపు చేసేది ఇక్కడే. ఒకసారి బిగించిన బోల్టు సాగి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. కొత్తదాని చివర 8.8 అనో 10.9 అనో చెక్కి ఉందా చూడండి. మొదటి అంకె తెగే బలాన్ని చెబుతుంది, రెండోది అందులో ఎంత దాకా సాగకుండా నిలుస్తుందో చెబుతుంది. గుర్తు లేనిది వద్దు. యూ బోల్టు వదులైతే పట్టీలను మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు జరుగుతుంది, లారీ ఒక పక్కకు లాగడం మొదలుపెడుతుంది.

టై రాడ్, స్టీరింగ్ గేర్‌బాక్సు నుంచి చక్రం వైపు పోయే డ్రాగ్ లింక్ ఎండ్ల విషయంలో చర్చే లేదు, పేరున్నవే. మార్చాక టో ఇన్ (ముందు చక్రాలు కొద్దిగా లోపలికి తిరిగి ఉండే కొలత) సరిచేయించకపోతే కొత్త టైర్లు అంచుల్లో అరిగిపోతాయి. షాక్ అబ్జార్బర్లలో నూనె మార్చి వెల్డింగ్ పెట్టినవి అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. కమాను చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ పిన్నులు గట్టివి తీసుకుని, బుష్‌లు మాత్రం లోకల్ గన్‌మెటల్‌వి వేసుకోవచ్చు. ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాపర్ రబ్బర్లకు పెద్ద ధర పెట్టనక్కర్లేదు.

తుక్కు లారీ సామానులో నేను ఒప్పుకునేది ఇరుసు దూలం ఒక్కటే. పాత దూలంలో కింగ్ పిన్ కూర్చునే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే కొత్త పిన్ను కూడా నిలవదు. అప్పుడు వంకర లేని, పగుళ్లు లేని దూలం దొరికితే మంచిదే. మంట పెట్టి వంపు తీసిన గుర్తులుంటే వదిలేయండి.

నకిలీ పెట్టెల బెడద ఉంది కాబట్టి బిల్లు లేకుండా కొనవద్దు. బిల్లుంటేనే వారంటీ అడగగలరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక, బిల్లుతో కొన్నా బిల్లు లేకుండా కొన్నా ధరలో తేడా మునుపటంత ఉండదు.

అంతా ఒకేసారి చేయించే స్తోమత లేకపోతే, వానలకు ఇసుక లోడ్లు ఆగినప్పుడు స్టీరింగ్ ఎండ్లు, కింగ్ పిన్నులు, యూ బోల్టులు ముందు కట్టించండి. ఆ తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు లోడుతో తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించమనండి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి లోడ్లు మొదలై చేతిలో డబ్బు ఆడాక కమాన్లు, షాక్ అబ్జార్బర్లు కొనుక్కోవచ్చు. కమాన్లు విప్పిన రోజు యూ బోల్టులు ఇంకో జత కొనాల్సి వస్తుంది, దాని ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.